జన్యులిపి – ధర్మసంకటం

తెలుగువారి వాడుకలో తలవ్రాతకు రెండు లక్షణాలున్నాయి. అది పుట్టుకతోనే వ్రాయబడినది. దానిని ఎవరూ చదవలేరు. మొదటి లక్షణం మనిషిని నిస్సహాయుణ్ణి చేస్తే, రెండవది అతనికి ఒక విధమైన ఊరట కలిగించింది. రేపటి సంగతి తెలియదు గనుకనే రైతు ధైర్యంగా విత్తనం చల్లాడు; తల్లిదండ్రులు ఆశతో బిడ్డకు పెళ్లి చేశారు. ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో జన్యుశాస్త్రం ఈ రెండవ లక్షణాన్ని కదిలించివేసింది. 1953లో డీఎన్‌ఏ నిర్మాణం వెల్లడయింది. 1990లో ప్రారంభమైన మానవ జన్యుపటల పథకం 2003 ఏప్రిల్‌లో పూర్తయినట్లు ప్రకటించబడింది. అప్పటికి చదవడానికి వీలుపడక మిగిలిపోయిన భాగాలలో దాదాపు అన్నీ 2022 నాటికి పూరించబడ్డాయి. దాదాపు మూడువందల కోట్ల అక్షరాల ఆ లిపిని నేడు ఒక ప్రయోగశాల కొద్ది రోజులలో చదివి చెప్పగలుగుతున్నది.

చదవగలగడం ఒక శక్తి. చదివినదానితో ఏమి చేయాలన్నది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. పాత వైద్యక్రమంలో రోగం వచ్చిన మనిషి వైద్యుని వద్దకు వెళ్లేవాడు. రోగమేదో తెలుసుకోవడమూ, దానికి మందు తీసుకోవడమూ దాదాపు ఒకే ప్రయాణంలో జరిగేవి. కొత్త క్రమంలో ఏ రోగమూ లేని మనిషి ఇంటికి పరీక్షే నడచి వస్తున్నది. జ్ఞానం ముందు పరుగెడుతున్నది. చికిత్స చాలా దూరం వెనుకగా వస్తున్నది. ఈ రెండింటి నడుమ ఏర్పడిన ఖాళీలో ఆ మనిషి ఎంతకాలం, ఎవరి అండతో నిలబడాలి? జన్యువైద్యం లేవనెత్తిన నైతిక ప్రశ్నలలో మిక్కిలి బరువైనది ఇదే. దీనికి సమాధానం వెదకడానికి ఒక వ్యాధి చరిత్ర చాలినంత వెలుగునిస్తుంది. అది సికిల్‌సెల్ వ్యాధి.

1910లో చికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ ఒక రోగి రక్తంలో కొడవలి ఆకారంలో వంగిన ఎర్రకణాలను చూచి వర్ణించాడు. 1949లో లైనస్ పాలింగ్, ఆయన సహచరులు ఈ వ్యాధికి మూలం హిమోగ్లోబిన్ అణువులోనే ఉన్నదని నిరూపించారు. ఒక వ్యాధిని ఒక అణువులోని మార్పుగా గుర్తించడం వైద్యచరిత్రలో అదే మొదటిసారి. తరువాత కొద్ది సంవత్సరాలకే వెర్నన్ ఇంగ్రామ్ ఆ మార్పు ఎక్కడున్నదో చూపాడు. బీటా గ్లోబిన్ గొలుసులో 146 అమైనో ఆమ్లాలుంటే, వాటిలో ఆరవ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరింది. అంత పెద్ద గ్రంథంలో ఒకే ఒక్క అక్షరం మారినందువలన ఎర్రకణాలు వంగి, బిరుసెక్కి, సన్నని రక్తనాళాలలో అడ్డుపడతాయి. ఎముకలను పిండే నొప్పులు, రక్తహీనత, మాటిమాటికి సోకే అంటువ్యాధులు ఆ ఒక్క అక్షరపు ఫలితాలే.

అయితే ఆ అక్షరదోషం తల్లి నుండి, తండ్రి నుండి, రెండు వైపుల నుండీ సంక్రమించినప్పుడే వ్యాధి కలుగుతుంది. ఒక వైపు నుండి మాత్రమే వచ్చినవారు వాహకులు. వారు ఆరోగ్యవంతులు; అందరివలె పని చేసుకుంటారు, అందరివలె జీవిస్తారు. ఇద్దరు వాహకులు దంపతులైతే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి సోకే అవకాశం నాలుగింట ఒక వంతు. పైగా 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చేసిన పరిశోధన మరొక సత్యాన్ని బయటపెట్టింది. వాహకులకు ప్రాణాంతకమైన మలేరియా నుండి గణనీయమైన రక్షణ ఉన్నది. అందువల్లనే మలేరియా పీడించిన ప్రాంతాలలో ఈ జన్యువు తరతరాలుగా నిలిచింది. ఒకరికి శాపమైనది మరొకరికి కవచమయింది. జన్యువులను మంచివి, చెడ్డవి అని రెండు రాశులుగా పోయడానికి తొందరపడేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

వాహకుడు రోగి కాడన్న ఈ భేదం ప్రయోగశాలలో స్పష్టం. సమాజంలో అది ఎంత సులభంగా చెరిగిపోతుందో రెండు దేశాల అనుభవం చెబుతున్నది. గ్రీసులోని ఆర్కొమెనోస్ ప్రాంతంలో ప్రతి నలుగురైదుగురిలో ఒకరు సికిల్‌సెల్ వాహకులు. పరిశోధకులు అక్కడి ప్రజలను పరీక్షించి, ఎవరు వాహకులో వారికి తెలియజేసి, వాహకులు పరస్పరం వివాహమాడకుండా ఉంటే వ్యాధి తగ్గుతుందని బోధించారు. ఉద్దేశం మంచిదే. 1970ల తొలినాళ్లలో తిరిగి పరిశీలించగా కనిపించిన ఫలితం వేరు. వాహకులను చిన్నచూపు చూడడం మొదలయింది. పెళ్లి సంబంధాలు తప్పిపోతాయన్న భయంతో కొందరు ఆ సంగతి దాచిపెట్టారు. ఇద్దరు వాహకుల మధ్య వివాహాలు, పరీక్షలే లేకపోతే ఎన్ని జరిగేవో దాదాపు అన్నీ జరిగాయి. జ్ఞానం వ్యాధిని తగ్గించలేదు. మనుషుల మీద ఒక మచ్చను మాత్రం మిగిల్చింది.

అదే కాలంలో అమెరికాలో ఇంతకంటె విస్తృతమైన ప్రయోగం జరిగింది. 1972లో సికిల్‌సెల్ వ్యాధి నియంత్రణకు అక్కడి కేంద్రప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఆ చట్టం పరీక్ష స్వచ్ఛందంగా ఉండాలన్నది. కాని అప్పటికే పలు రాష్ట్రాలు పరీక్షను నిర్బంధం చేసి ఉన్నాయి. బడిలో చేరే నల్లజాతి పిల్లలకు, వివాహానుమతి కోరే యువతీయువకులకు రక్తపరీక్ష తప్పనిసరి అయింది. వాహకులకూ రోగులకూ గల భేదం కొన్ని చట్టాల భాషలోనే కలగాపులగమయింది. ఆరోగ్యవంతులైన వాహకులు ఉద్యోగాలలోను, బీమాలోను నష్టపోయారు. వైమానికదళ శిక్షణ అకాడెమీ 1981 దాకా వాహకులను చేర్చుకోలేదు. శతాబ్దాల వివక్షను అనుభవించిన ఒక జాతికి, మేలు చేస్తామంటూ వచ్చిన పరీక్ష మరొక వివక్షగా పరిణమించింది. ఆనాడు పరీక్షించినవారి చేతిలో ఇవ్వడానికి చెప్పుకోదగిన మందేదీ లేకపోవడం ఇందులో గమనించవలసిన అంశం.

పదునాలుగేళ్ల తరువాత అదే దేశంలో, అదే వ్యాధి విషయంలో కథ మలుపు తిరిగింది. సికిల్‌సెల్ వ్యాధి ఉన్న పసిపిల్లలకు ప్రతిదినం పెన్సిలిన్ ఇస్తే ప్రాణాంతకమైన న్యుమోకాకస్ అంటువ్యాధిని ఆపవచ్చునా అని 215 మంది చిన్నపిల్లలపై ఒక పరిశీలన జరిగింది. పెన్సిలిన్ తీసుకున్న పిల్లలలో ఆ అంటువ్యాధి 84 శాతం తగ్గింది. వారిలో దానివలన ఒక్కరూ మరణించలేదు. మందు లేని మాత్రలు తీసుకున్న వర్గంలో ముగ్గురు మరణించారు. ఫలితం అంత నిస్సందేహంగా ఉండడంతో పరిశీలనను అనుకున్న గడువుకు ఎనిమిది నెలల ముందే ఆపివేసి అందరికీ మందు ఇచ్చారు. 1986లో ఈ ఫలితం ప్రకటింపబడిన మరుసటి యేడే, పుట్టిన ప్రతి శిశువుకూ పరీక్ష జరపాలని నిపుణుల సభ సిఫారసు చేసింది. కాలక్రమంలో అమెరికాలోని రాష్ట్రాలన్నీ దానిని ఆచరణలో పెట్టాయి.

వెదకినది అదే వ్యాధిని. పరీక్షించినది అదే రక్తాన్ని. 1972లో అది మచ్చ వేసింది. 1986 తరువాత ప్రాణం నిలిపింది. ఈ తేడాకు కారణం పరీక్షలో లేదు. పరీక్ష వెనుక నిలబడినదానిలో ఉన్నది. మొదటిసారి పరీక్ష వెనుక చట్టపు ఒత్తిడి, జాతివివక్ష నిలిచాయి. రెండవసారి చౌకైన మందుసీసా ఒకటి నిలిచింది. జన్యుజ్ఞానం తనంతట తాను పుణ్యమూ కాదు, పాపమూ కాదు. ఆ జ్ఞానాన్ని ఇచ్చే సమాజం దానితోపాటు ఏమి ఇవ్వడానికి సిద్ధపడినదో దానినిబట్టి దాని ధర్మాధర్మాలు తేలుతాయి.

భారతదేశానికి ఈ గుణపాఠం దూరదేశపు వార్త కాదు. 1952లోనే నీలగిరి కొండల గిరిజనులలో సికిల్‌సెల్ జన్యువు గుర్తింపబడింది. తరువాతి దశాబ్దాలలో మధ్యభారతపు అడవుల నుండి గోదావరి పరీవాహక ప్రాంతం దాకా అనేక గిరిజన సమూహాలలో అది ఉన్నట్లు తేలింది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్‌సెల్ రక్తహీనత నిర్మూలన పథకం ప్రారంభమయింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా 17 రాష్ట్రాలలో నలభై యేళ్లలోపు వయసుగల ఏడు కోట్లమందిని మూడేళ్లలో పరీక్షించడం, 2047 నాటికి ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయడం దాని లక్ష్యాలు. పరీక్షించినవారికి వారి జన్యుస్థితిని తెలిపే కార్డు ఇవ్వాలన్నది ఆ పథకంలో ఒక ముఖ్యాంశం.

దశాబ్దాలుగా ఎవరి దృష్టికీ రాని బాధ ప్రభుత్వ దృష్టికి రావడం ఆహ్వానించదగినదే. అదిలాబాద్ అడవులలోనో, అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలమీదనో కీళ్లనొప్పులతో మెలికలు తిరిగే బిడ్డకు రోగం పేరైనా తెలియకుండా పోవడం కంటె తెలియడం మేలు. అయితే ఆ కార్డు చేతికందిన తరువాత ఏమి జరగాలన్నది అసలు ప్రశ్న. రోజువారీ వాడుకకు హైడ్రాక్సీయూరియా అనే మందు ఉన్నది. అది గర్భస్థ శిశువులో సహజంగా ఉండే హిమోగ్లోబిన్ ఉత్పత్తిని తిరిగి పెంచి, నొప్పుల తీవ్రతను తగ్గిస్తుంది. ఖరీదూ అధికం కాదు. అది కొండదారిలో చిట్టచివరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏడాది పొడవునా దొరికితే ఆ కార్డు రక్షాపత్రమవుతుంది. దొరకకపోతే అదే కార్డు ఆ ఇంటి ఆడపిల్లకు పెళ్లిచూపుల నాడు వంక పెట్టడానికి పనికివస్తుంది. మగపిల్లవాని కార్డును ఎవరూ అడగకపోవచ్చు. ఆడపిల్ల కార్డును అడగకుండా ఉండడం మాత్రం అరుదు.

నిర్మూలన అన్న మాటను కూడ ఇక్కడ ఒకసారి తూచి చూడవలసి ఉన్నది. మశూచి నిర్మూలన అన్నప్పుడు ఎవరికీ సందేహం కలగలేదు. బయటినుండి వచ్చిన వైరస్‌ను తరిమివేయడమే దాని అర్థం. జన్యువ్యాధి బయటి శత్రువు కాదు. అది మనుషుల రక్తంలో, వంశంలో ఉన్నది. దానిని నిర్మూలించడమంటే ఉన్న రోగులకు వైద్యం అందించి, పుట్టబోయేవారి తల్లిదండ్రులకు సలహా ఇవ్వడమా? లేక అటువంటివారు పుట్టకుండా చూడడమా? ఈ రెండు అర్థాలూ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. మొదటి అర్థం మరుగునపడి రెండవదే మిగిలితే, వ్యాధితో జీవిస్తున్న వ్యక్తికి ఆ మాట ఎలా వినిపిస్తుందో ఊహించడం కష్టం కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సికిల్‌సెల్ వ్యాధిని, తలసేమియాను, హిమోఫీలియాను గుర్తించిన వైకల్యాల జాబితాలో చేర్చింది. ఆ వ్యాధిగ్రస్తులు హక్కులు గల పౌరులన్న సత్యాన్ని ఆ చట్టం గుర్తుచేస్తూనే ఉంటుంది.

పుట్టకముందే తెలుసుకొనే శక్తి ఎటు దారితీయగలదో ఈ దేశం ఒకసారి చవిచూచింది. గర్భస్థ శిశువులోని లోపాలను కనిపెట్టడానికి వచ్చిన పరీక్షలు ఆడశిశువును కనిపెట్టడానికి ఉపయోగపడ్డాయి. 1994లో లింగనిర్ధారణను నిషేధిస్తూ చట్టం వచ్చినా, ఆరేళ్లలోపు పిల్లలలో వేయిమంది బాలురకు 1991లో 945గా ఉన్న బాలికల సంఖ్య 2001 నాటికి 927కు పడిపోయింది. యంత్రం ఆడపిల్లను ద్వేషించలేదు. సమాజంలో అప్పటికే ఉన్న ద్వేషానికి అది చూపునిచ్చింది. జన్యుపరీక్ష ముందు కూడ ఇదే ప్రమాదం పొంచి ఉన్నది.

అటువంటప్పుడు తెలియకుండా ఉండడమే మేలా? ఈ ప్రశ్నకు ఒక్కమాటలో సమాధానం లేదు. హంటింగ్టన్ వ్యాధి నడివయసులో మొదలై నరాలను, బుద్ధిని క్రమంగా హరిస్తుంది. దానిని ఆపే వైద్యం లేదు. ఆ జన్యువు అన్వేషణలో ప్రముఖపాత్ర వహించిన అమెరికన్ శాస్త్రవేత్త నాన్సీ వెక్స్లర్ తల్లి ఆ వ్యాధితోనే మరణించింది. 1993లో జన్యువు దొరికింది. కచ్చితమైన పరీక్ష వచ్చింది. అయినా ఆ వ్యాధి రాగల కుటుంబాలలో పరీక్షకు ముందుకు వచ్చినవారు కొద్దిమందే. చికిత్స లేనిచోట తెలుసుకోకుండా ఉండే హక్కును కూడ మనుషులు ఎంత విలువైనదిగా భావిస్తారో దీనివలన తెలుస్తున్నది.

తెలుసుకోవడానికీ, తెలియకుండా ఉండడానికీ మధ్య ఒక దారి ఉన్నదని రెండు సమాజాలు చూపాయి. న్యూయార్క్‌లోని సంప్రదాయనిష్ఠులైన యూదులలో టే-సాక్స్ అనే వ్యాధి పసిపిల్లలను బలిగొనేది. ఆ వ్యాధి వలన నలుగురు బిడ్డలను పోగొట్టుకొన్న జోసెఫ్ ఎక్స్టీన్ అనే మతగురువు 1983లో దోర్ యెషోరిమ్ అనే సంస్థను నెలకొల్పాడు. అక్కడ యువతీయువకుల రక్తాన్ని పరీక్షించి, పేరుకు బదులు ఒక సంఖ్య ఇస్తారు. తాము వాహకులమో కాదో వారికి చెప్పరు. సంబంధం కుదుర్చుకొనే ముందు రెండు సంఖ్యలను తెలియజేస్తే, ఆ జంటకు పొంతన ఉన్నదో లేదో మాత్రమే చెబుతారు. జాతకాల పొంతన చూచే తెలుగువారికి ఈ పద్ధతి సులభంగా బోధపడుతుంది. సైప్రస్ దీవిలో తలసేమియా విషయంలో మరొక పద్ధతి అవలంబించారు. వివాహానికి ముందు పరీక్ష జరిగిందని, సలహా పొందారని చెప్పే ధ్రువపత్రం చర్చికి చూపాలి. ఫలితం మాత్రం అందులో ఉండదు. ఆపై పెళ్లి చేసుకోవడం, మానుకోవడం ఆ జంట ఇష్టం. అక్కడ ఈ కారణంగా పెళ్లి మానుకున్నవారు చాలా తక్కువ. కాని తలసేమియాతో పుట్టే పిల్లల సంఖ్య దాదాపు శూన్యానికి చేరింది. గర్భస్థ శిశుపరీక్ష ద్వారా సాధించిన ఈ ఫలితానికి కూడ నిర్మూలన అన్న మాట రేపిన సందేహం వర్తిస్తుంది. అయినా అక్కడ నిర్ణయం దంపతులదే తప్ప ఊరిదీ, సర్కారుదీ కాకపోవడం గమనార్హం.

ఎవరి రక్తంలోని సంగతి వారికే చెప్పకపోవడం పెత్తనమే అవుతుందన్న ఆక్షేపణ దోర్ యెషోరిమ్ మీద ఉన్నది. అందులో న్యాయం లేకపోలేదు. అయినా ఈ రెండు పద్ధతులలోనూ ఒక వివేకం కనిపిస్తుంది. రోగికి తన స్థితి తెలియాలి, ఎందుకంటే అతనికి వైద్యం కావాలి. వాహకునికి ఆ అవసరం సంతానం సందర్భంలో మాత్రమే ఏర్పడుతుంది. ఆ సందర్భానికి మించి అతని సంగతి ఊరికీ, ఉద్యోగమిచ్చేవారికీ, బీమా కంపెనీకీ తెలియవలసిన పని లేదు.

తెలుగునాట ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన పట్టు ఉన్నది. మేనరికాలు ఇక్కడ తరతరాల ఆచారం. మేనమామకు, మేనకోడలికి సగటున నాలుగవ వంతు జన్యువులు ఉమ్మడి. మేనత్త మేనమామల పిల్లలకు ఎనిమిదవ వంతు. అరుదైన లోపజన్యువు ఇద్దరిలోనూ ఉండే అవకాశం అందువలన పెరుగుతుంది. దగ్గరి చుట్టరికం లేకపోయినా, ఒకే కులంలో వందల ఏళ్లు సంబంధాలు కలుపుకొన్నందువలన ఏర్పడే ఫలితం మరొకటి ఉన్నది. హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రపు శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న ఒక అధ్యయనం 2017లో దీనిని వివరించింది. వైశ్యులలో సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఇతరులకంటె దాదాపు వంద రెట్లు ఎక్కువ. ఈ లోపమున్నవారికి శస్త్రచికిత్స వేళ కండరాలను సడలించే ఒక మందు ఇస్తే, గంటల తరబడి శ్వాస తిరిగి అందదు. ఆపరేషనుకు ముందు వైద్యుడు ఒక్క ప్రశ్న అడిగి మరొక మందు వాడితే ప్రమాదం తప్పిపోతుంది. ఒక సమూహానికి సంబంధించిన జన్యుజ్ఞానం ఎవరినీ కించపరచకుండా ప్రాణం కాపాడగలదనడానికి ఇది చక్కని నిదర్శనం. పేరు కులానిదైనా, ప్రశ్న మాత్రం మందు గురించినది. ఆ హద్దు దాటి అదే సమాచారం పెళ్లిళ్ల పేరయ్య చేతిలో పడితే దాని స్వభావం మారిపోతుంది.

చదవడంతో ఆగక, వ్రాతను దిద్దే దశకు కూడ శాస్త్రం చేరుకున్నది. ఎమాన్యుయెల్ షార్పెంటియర్, జెన్నిఫర్ డౌడ్నా 2012లో ప్రకటించి, 2020లో నోబెల్ బహుమతి పొందిన క్రిస్పర్ పద్ధతి ఆధారంగా సికిల్‌సెల్ వ్యాధికి తయారైన చికిత్సను 2023 చివరిలో బ్రిటన్, అమెరికా అనుమతించాయి. రోగి మూలకణాలను బయటకు తీసి, దిద్ది, మజ్జను మందులతో ఖాళీచేసి, వాటిని తిరిగి ఎక్కిస్తారు. నొప్పితోనే పెరిగినవారు నొప్పి లేని జీవితాన్ని చూడగలుగుతున్నారు. అయితే అమెరికాలో ఆ చికిత్సకు ప్రకటించిన ధర 22 లక్షల డాలర్లు. అంటే పద్దెనిమిది కోట్ల రూపాయలకు పైమాటే. వ్యాధి ఎక్కువగా ఉన్నది ఆఫ్రికా గ్రామాలలో, భారతీయ అరణ్యాలలో. చికిత్స ఉన్నది మహానగరాల ఆసుపత్రులలో. ఈ దూరాన్ని తగ్గించడానికి భారతీయ ప్రయోగశాలలు స్వదేశీ పద్ధతుల కోసం కృషి చేస్తున్నాయి. ఆ కృషి ఫలించేవరకు హైడ్రాక్సీయూరియా మాత్ర విలువ తగ్గదు.

రోగి శరీరంలో దిద్దినది రోగితోనే ముగుస్తుంది. పిండదశలో దిద్దినది వంశమంతటికీ పాకుతుంది. 2018 నవంబరులో చైనా శాస్త్రవేత్త హె జియాన్‌కుయి పిండాలను దిద్ది కవల బాలికల జననానికి కారకుడైనట్లు వెల్లడి కాగానే ప్రపంచమంతటా నిరసన వ్యక్తమయింది. మరుసటి యేడు అక్కడి న్యాయస్థానం అతనికి మూడేళ్ల జైలుశిక్ష విధించింది. పుట్టనివారి అంగీకారం ఎవరూ తీసుకోలేరు. వారి తరఫున మాట్లాడేవారికి వినయం అవసరం.

చట్టం ఈ పరిణామాల వెనుక మెల్లగా నడుస్తున్నది. ఉద్యోగాలలోను, ఆరోగ్యబీమాలోను జన్యువివక్షను నిషేధిస్తూ అమెరికా 2008లో చట్టం చేసింది. భారతదేశంలో 2017లో సర్వోన్నత న్యాయస్థానం గోప్యతను ప్రాథమికహక్కుగా గుర్తించింది. జన్యువ్యాధులన్నింటినీ మూకుమ్మడిగా ఆరోగ్యబీమా నుండి మినహాయించడం సమానత్వానికి విరుద్ధమని 2018లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. దారి వేయబడింది, నడవవలసినది ఇంకా చాలా ఉన్నది. కోట్లమంది రక్తాన్ని పరీక్షించే ప్రభుత్వం, ఆ సమాచారం ఎవరి చేతికి పోదో ముందుగానే స్పష్టం చేయవలసి ఉన్నది.

జన్యుజ్ఞానం విషయంలో బాధ్యతల వరుస ఒకటి ఈ చరిత్ర నుండి తేటపడుతుంది. మందు ముందు చేరాలి; పరీక్ష తరువాత రావాలి. సలహా ఇచ్చే మనిషి కోయ, గోండి, సవర భాషలలో చెప్పగలిగినవాడై ఉండాలి. కార్డు అతని వెనుక రావాలి. రహస్యాన్ని కాపాడే చట్టం ముందుండాలి. సమాచార భాండాగారం దాని నీడలో పెరగాలి. ఈ వరుస తప్పినచోట్ల ఎంత గొప్ప శాస్త్రమైనా మనుషులను గాయపరచింది. వరుస కుదిరినచోట, ప్రతిదినం ఇచ్చిన పెన్సిలిన్ మోతాదు కూడ తలవ్రాతను మార్చగలిగింది. వ్రాతను చదివే హక్కు పొందిన తరానికి, చదివి వినిపించిన ప్రతి మనిషి పక్కన నిలబడే బాధ్యత కూడ ఆ హక్కుతోనే సంక్రమించింది.